కొలువు బొమ్మలకు మగ్గం మిగులుతో పెట్టెలు

పండుగ ముగిసిన మరునాడు బొమ్మల కొలువు పెట్టిన ప్రతి ఇల్లాలికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. పెద్ద బొమ్మలకు ఎలాగో చోటు దొరుకుతుంది. దశావతారాలు, పెండ్లివారి బొమ్మలు, అంగడి ముందర కూర్చున్న శెట్టిగారు, ఆయన భార్య ఏదో ఒక పెట్టెలో సర్దుకుంటారు. తంటా అంతా చిన్నవాటితోనే. లక్కపిడతలు, బొటనవ్రేలంత రోలు, రోకలి, తిరుగలి, గవ్వలు, గోళీలు, పూసల చిలుకలు, ఇవన్నీ ఒక పాత డబ్బాలో కలగలుపుగా పోసి అటక మీదికి ఎక్కిస్తాము. మరుసటి ఏడు దించి చూస్తే రోకలి ఉంటుంది, రోలు ఉండదు. పిడత ఉంటుంది, దాని మూత ఉండదు.

ఇందుకు అంగడిలో ప్లాస్టిక్ డబ్బాలు దొరకవా అంటే దొరుకుతవి. కాని చేతిలో వెన్న పెట్టుకొని నేతి కోసం ఊరంతా తిరిగినట్లు, నేతవారి ఇంటిలో ఉండి మనము డబ్బాల కోసం బజారుకు పోవడం ఏమిటి? పనికిరాని జాకార్డు కార్డులు, బట్ట చుట్టిన అట్టగొట్టాలు, పడుగు చివర మిగిలిన పోగులు, అంచు పక్కన కత్తిరించి పడే పీలికలు, మచ్చ పడి అమ్మకానికి పనికిరాని గుడ్డ ముక్కలు, ఇవన్నీ మన మగ్గాల కొట్టాలలో మూలమూలనా పడి ఉన్నవి. తూకానికి అమ్మితే వచ్చే డబ్బు ఎంతో మీకు తెలియనిది కాదు. వీటితోనే గట్టి పెట్టెలు, చూడముచ్చటైన పెట్టెలు చేసుకోవచ్చును. గత కొన్నేళ్ళుగా నేను చేస్తున్న పద్ధతిని ఇక్కడ వ్రాస్తున్నాను.

నూలు ధరల కొరకు, సంఘ వార్తల కొరకు పత్రిక తెరిచే సోదరులు ఇది ఆడవారి సంగతి అని పుట తిప్పవద్దని మనవి. ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా కలదు. అది మగ్గానికి సంబంధించినదే.

మా ఇంటి సంగతి

నా పుట్టిల్లు బళ్ళారి, అత్తిల్లు షోలాపూరు. కొలువు నా పుట్టింటి ఆచారము. అత్తవారింట బతుకమ్మ ఉన్నది గాని కొలువు లేదు. పెండ్లి అయి వచ్చేటప్పుడు మా అమ్మ ఒక తగరపు పెట్టె నిండా చిన్న బొమ్మలు ఇచ్చింది. అందులో ఏటికొప్పాక లక్కపిడతలు ఒక జత, కొండపల్లి జంతువులు కొన్ని, చెన్నపట్టణపు బొమ్మలు అని మా అమ్మ చెప్పే చన్నపట్నం గిలకలు రెండు, మిగిలినవి మట్టివి. మా అత్తగారు కాదనలేదు. "నీ బొమ్మలు నీవే చూసుకో, నాకు చాకిరి పెట్టకు" అన్నారు, అంతే.

అప్పుడు మా ఇంటికి రేకుల కప్పు. దాని కింద అటక. పెట్టె అటక మీద పెట్టినాను. షోలాపూరు మే నెల ఎండ ఎలాంటిదో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. దసరాకు పెట్టె దించి తెరిస్తే లక్కపిడతలు ఒకదానికొకటి అంటుకొని ముద్దగా ఉన్నవి. విడదీయబోతే ఎర్ర లక్క పెచ్చులుగా లేచి వచ్చింది. పురుగు పట్టకుండా వేసిన కలరా ఉండలు పక్కనున్న ప్లాస్టిక్ బాతును కరిగించి దాని మెడ వంచివేసినవి. మట్టి ఏనుగుకు తొండము లేదు. మా అమ్మ అప్పటికి పోయి రెండేళ్ళు. ఆ బొమ్మలను బజారులో కొని తేవచ్చును గాని మా అమ్మ ఇచ్చినవి మళ్ళీ రావు గదా.

అప్పుడు తెలిసింది, బొమ్మలు ఆడుకోవడం వలన కంటే దాచడం వలననే ఎక్కువ పాడవుతున్నవని.

ఏ బొమ్మకు ఏ చోటు

పెట్టె చేయక ముందు అందులో ఏమి పెడతామో తెలియవలెను.

ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను తరిమెన పట్టి, ఆ తిరుగుడు వేడితోనే లక్క పూసి చేసేవి. ఆ ఊరు వరాహ నది ఒడ్డున ఉన్నది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలకు వాడేదీ ఆ చెట్టు కర్రే, పూసేదీ లక్కే. లక్క వేడికి మెత్తబడుతుంది. కనుక ఇవి ఒకదానికొకటి తగలకుండా, గది గదిగా, ఇంటిలో చల్లని చోట ఉండవలెను. రేకుల కింద గాని, కిటికీ ఎండలో గాని పెట్టరాదు.

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేసేవి. అది చాలా తేలిక కర్ర. కాలు, తోక, చేయి వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఈ అతుకులకు తడి పడదు. తడి గుడ్డతో తుడవకండి. మెత్తని పొడి గుడ్డ చాలును. బరువు మీద పడితే అతుకు ఊడుతుంది. కాబట్టి వీటిపై మరొక వరుస పేర్చరాదు.

మట్టి బొమ్మను ఒక్కొక్కదానిని విడిగా గుడ్డలో చుట్టవలెను. తువ్వాలు ముక్క ఇందుకు అన్నిటికంటె మేలు. దాని పోగుల ఉంగరాలు దెబ్బను తమలో ఇముడ్చుకుంటవి. గవ్వలు, గోళీలు, చింతగింజలు, అచ్చనగాయలు ఎలా ఉన్నా ఫరవాలేదు, దొర్లిపోకుండా మూత ఉంటే చాలును.

జిగురు

మన పనికి చింతగింజల జిగురును మించినది లేదు. గంజి కాచే ఇంటిలో ఇది కొత్త విద్య కాదు. చింతగింజలను దోరగా వేయించి, పై పొట్టు పోయేలా దంచి, పప్పును ఒక రాత్రి నానబెట్టి మెత్తగా రుబ్బవలెను. గుప్పెడు పిండికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి, సన్నని సెగ మీద కలియబెడుతూ ఉడికించవలెను. గరిటె నుండి తీగలాగా జారేటప్పుడు దించి, పలుచని గుడ్డలో వడకట్టవలెను. ఉండ కట్టితే అట్ట మీద బొడిపెలు లేస్తవి. చిటికెడు పటిక పొడి కలిపితే మంచిది. రెండు రోజులలో వాడివేయవలెను, పులిసిన జిగురు పట్టదు.

చింతగింజలు దొరకనివారు ఒక వంతు మైదాకు అయిదు వంతుల నీళ్ళు పోసి కాచుకొనవచ్చును. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా ఆ మైదాలో మైలతుత్తము కలుపుతారు. పిల్లల పెట్టెకు అది ఎంత మాత్రమూ కలపవద్దు. అది విషము. పిల్లలు పెట్టె మూలలు కొరుకుతారు, వ్రేళ్ళు నోట పెడతారు.

అంగడి తెల్ల జిగురు కూడ పనికివస్తుంది, త్వరగా ఆరుతుంది. కాని అది ఒకసారి ఆరితే నీళ్ళకు ఊడదు. చింతగింజల జిగురు గోరువెచ్చని నీటిలో నానబెడితే ఊడివస్తుంది. ఈ గుణమే ఒకసారి నన్ను ఆదుకొన్నది. ఆ సంగతి ముందు చెబుతాను.

గదుల పెట్టె

ఇది లక్కపిడతలకు, చిన్న కర్ర బొమ్మలకు. పొడవు 12 అంగుళాలు, వెడల్పు 8 అంగుళాలు, ఎత్తు 3 అంగుళాలు అనుకొందాము. లోపల నాలుగేసి అంగుళాల గదులు ఆరు వస్తవి.

మొదట అట్ట సిద్ధము చేయవలెను. ఒక్క జాకార్డు కార్డు సన్నము, పైగా నిండా చిల్లులు. కాని మూడు వరుసలు ఒకదానిపై ఒకటి అంటిస్తే పలక వలె గట్టిపడుతుంది. మొదటి వరుస కార్డులను నిలువుగా పక్కపక్కన పరచి, రెండవ వరుసను అడ్డముగా, మూడవ వరుసను మళ్ళీ నిలువుగా అంటించండి. పడుగు, పేక అనుకోండి. అన్నీ ఒకే వైపు పరిస్తే అట్ట వంగుతుంది. అంటించిన అట్టను రెండు పాత పత్రికల మధ్య పెట్టి, పైన చదునైన బండ వేసి ఒక రాత్రి ఉంచి, పిమ్మట రెండు రోజులు నీడన ఆరనివ్వండి. ఎండలో పెట్టరాదు, పైపొర ముందు ఆరి ముడుచుకొంటుంది.

ఆరిన అట్టలో అడుగుకు 12కు 8 ముక్క ఒకటి, పొడవు గోడలకు 12కు 3 ముక్కలు రెండు, వెడల్పు గోడలకు 8కి 3 ముక్కలు రెండు కోయండి. వెడల్పు గోడలు పొడవు గోడల లోపలి వైపున నిలుస్తవి గనుక వాటిని రెండు అట్టల మందము మేర తగ్గించి కోయవలెను. గోడలను అడుగు మీద నిలిపి జిగురు పెట్టి, మూలలకు బయటి నుండి అంగుళం వెడల్పు గుడ్డ పట్టీ అంటించండి. మూల నిలిచేది జిగురు బలముతో కాదు, ఈ పట్టీ బలముతోనే.

ఇక లోపలి అడ్డుగోడలు. పొడవునకు ఒకటి, వెడల్పునకు రెండు. ఎత్తు రెండున్నర అంగుళాలు ఉంచండి, పైన అర అంగుళం దూది మెత్తకు చోటు ఉంటుంది. పొడవు ముక్కలో 4వ అంగుళము దగ్గర, 8వ అంగుళము దగ్గర పై నుండి సగము ఎత్తు వరకు చీలిక కోయండి. వెడల్పు ముక్కలు రెండింటిలో నట్టనడుమ కింది నుండి సగము వరకు కోయండి. చీలిక వెడల్పు అట్ట మందమంతే ఉండవలెను. ఒకదానిలో ఒకటి దించితే గదులు తమంతట తామే నిలుస్తవి. వీటిని అంటించవద్దు. వచ్చే ఏడు పెద్ద బొమ్మ వస్తే ఒక అడ్డుగోడ తీసివేయవచ్చును.

మూత అడుగు కంటె నాలుగు వైపులా పావు అంగుళం పెద్దదిగా ఉండవలెను. వెనుక వైపున గుడ్డ పట్టీయే మడతబందు. ముందు వైపున అంచు పీలిక ముక్కలు రెండు, మూతకు ఒకటి, గోడకు ఒకటి, ముడి వేయడానికి. ఇనుప కొక్కెము వద్దు. తుప్పు గుడ్డకు పడుతుంది, మొన పిల్లల చేతికి గుచ్చుకుంటుంది.

గుడ్డ తొడగడం

గుడ్డ అంటించక ముందు తప్పక ఉతకండి. కొత్త గుడ్డకు గంజి ఉంటే జిగురు లోనికి పోదు, రంగు కచ్చా అయితే జిగురు తడికే కారిపోతుంది. తెల్లని తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే దానిని పెట్టెకు వాడకండి.

కోసేటప్పుడు గీత గీయనక్కర లేదు. మన చేతికి తెలిసిన పనే, ఒక పోగు లాగి ఆ దారి వెంట కోస్తే గుడ్డ వంకర పోదు. అన్ని వైపులా అంగుళం మిగులు ఉంచి, మూలల వద్ద ఆ మిగులును ఏటవాలుగా కోసి లోనికి మడవండి. జిగురును అట్టకే పూయండి, గుడ్డకు పూయవద్దు. నడుమ నుండి చివరలకు అరచేతితో నిమరండి. చద్దరు ముక్క అయితే దాని పువ్వు గాని, చుక్క గాని మూత నడుమకు వచ్చేలా చూచుకొంటే పెట్టె అందమంతా అక్కడే ఉంటుంది. చీర అంచు ముక్క దొరికితే గోడల చుట్టూ ఒక వరుస తిప్పండి. కంచి, బరంపురం పట్టు అంచులు ఇంటిలో ఉన్నవారికి ఇంతకంటె చెప్పవలసినది లేదు. చిరిగిన చీరకు అంచు మాత్రము చెడకుండా మిగులుతుంది గదా.

లోపలికి రంగు లేని తెల్ల గుడ్డ వేయండి. రంగు లక్కకు అంటదు, మూలకు దొర్లిన పూస కంటికి కనబడుతుంది.

మూతకు మరొక అలంకారము కలదు. ఒక్క వరుస కార్డులను చిల్లులతో సహా అలాగే ఉంచి, వెనుక ఎర్ర గుడ్డ గాని పసుపు గుడ్డ గాని అంటించి మూత పైన తొడగండి. చిల్లులలో నుండి రంగు చుక్కలుగా కనబడుతుంది. ముగ్గు పెట్టినట్లు ఉంటుంది. మా మనుమరాలు దానిని చుక్కల పెట్టె అంటుంది.

గొట్టాల డబ్బాలు, పోగుల బుట్ట

బట్ట చుట్టిన నిలువు అట్టగొట్టాలను నాలుగేసి అంగుళాల పొడవున సన్నపండ్ల రంపముతో కోయండి. గొట్టమును అట్ట మీద నిలిపి చుట్టూ గీసి అడుగు బిళ్ళ కోసి అంటించి, గుడ్డతో చుట్టివేయండి. అంగుళం వెడల్పు అట్ట పట్టీని గొట్టము చుట్టూ కాస్త వదులుగా తిప్పి అంటించి, దానిపై బిళ్ళ వేస్తే మూత అవుతుంది. గవ్వలకు, గోళీలకు ఇవి చక్కగా సరిపోతవి. నూలు వచ్చే కోను గొట్టము మాత్రము ఇందుకు వాడకండి. పైకి పోను పోను సన్నమవుతుంది, చేయి ఇరుక్కుంటుంది, లోపల పడినది బయటికి రాదు.

పోగులతో బుట్ట చేయడము ఇంకా సులువు. పడుగు చివరి పోగులను గాని, అంచు పీలికలను గాని చిటికెన వ్రేలంత లావున పేని తాడు చేయండి. తాడును చుట్టగా చుట్టుతూ, ఒక్కొక్క చుట్టును ముందటి చుట్టుకు గట్టి నూలుతో కుట్టుకుంటూ పోతే అడుగు అవుతుంది. అరచేయి వెడల్పు దాటిన పిమ్మట చుట్టును పక్కన గాక పైన పెడుతూ కుడితే గోడ లేస్తుంది. ఇటువంటి బుట్ట ఉతికినా చెడదు, పిల్లలు విసిరినా ఎవరికీ దెబ్బ తగలదు. రోజూ ఆడుకొనే బొమ్మలకు ఇదే తగినది.

పిల్లల క్షేమము

మూడేండ్ల లోపు పిల్లలు ఉన్న ఇంటిలో చిన్న బొమ్మల డబ్బాలు అందకుండా ఎత్తున ఉంచవలెను. ఏది చిన్నదో తెలుసుకొనేందుకు ఒక కొలత ఉన్నది. సుమారు 32 మిల్లీమీటర్ల, అనగా అంగుళం పావు వ్యాసము గల గొట్టములో దూరేది ఏదైనా పసివాని గొంతుకు అడ్డుపడగలదు. అట్టతో అటువంటి గొట్టము ఒకటి చేసి ఉంచుకోండి. పెట్టె అలంకారానికి గుండీలు, పూసలు, అద్దాలు అంటించవద్దు. అవి ఊడి నేరుగా నోటికే పోతవి. సంచికి తాడు వేస్తే జానెడుకు మించనివ్వకండి, మెడకు తగులుకునేంత పొడవు ఉండరాదు.

కలరా ఉండలు బొమ్మల పెట్టెలో వేయవద్దు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. అంతకంటె ముఖ్యము, కొందరు పిల్లలకు పుట్టుకతో ఉండే ఒక లోపము వలన ఆ మందు వారి ఎర్ర రక్తకణాలను చెడగొడుతుంది. పైగా చూడడానికి తెల్లని మిఠాయి వలె ఉంటుంది. బాగా ఎండిన వేపాకు గుడ్డ మూటలో కట్టి వేస్తే చాలును. వాన కాలము వెళ్ళగానే ఒకసారి పెట్టె తెరచి నీడన గాలికి పెట్టండి. జిగురు తడిగా ఉంటే బొద్దింకలు, పుస్తకపు పురుగులు చేరుతవి.

కొత్త బొమ్మలు కొనేవారు ఒక మాట గుర్తుంచుకోవలెను. 2021 జనవరి 1 నుండి మన దేశములో పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. నమోదు చేసుకొన్న చేతిపనివారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు.

నేను చేసిన తప్పు

ఇక సోదరుల కొరకు.

ఆరేళ్ళ క్రిందట మా కొట్టాన్ని సర్దుతూ ఉంటే ఒక మూల నాలుగు కట్టల జాకార్డు కార్డులు కనబడినవి. దుమ్ము కొట్టుకొని ఉన్నవి. మా ఇంటిలో ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చి అప్పటికే కొంత కాలమైంది, ఇక కార్డులతో పని లేదు అనుకొన్నాను. ఎవరినీ అడగలేదు. కట్ట విప్పి, కుట్టిన దారము తెంపి, కోసి పెట్టెలు చేసినాను. చుట్టాల పిల్లలకు పంచినాను. అందరూ మెచ్చుకొన్నారు.

మూడు నెలల తరువాత మా మరిది వచ్చి, "వదినా, నాన్న గీయించిన నెమలికన్ను చద్దరు కార్డులు ఎక్కడ పెట్టినావు? దానికి బేరము వచ్చింది" అని అడిగినాడు. నా నోట మాట రాలేదు. మా మామగారు పడుచుతనములో సొంత డబ్బు పెట్టి గీయించి, చిల్లులు కొట్టించిన నమూనా అది. జాకార్డు అనే ఆయన ఫ్రాన్సు దేశపు లియాన్‌లో 1804లో ఈ సాధనము తెచ్చిన నాటి నుండి ఇదే లెక్క. ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క కార్డు. వరుసలో పది కార్డులు పోయినా పువ్వు విరుగుతుంది. గీత కాగితము ఎప్పుడో చెదలు తిన్నది. అనగా ఆ నమూనా లోకములో ఉన్నది ఆ కార్డులలోనే. నేను దానిని పిడతల పెట్టె చేసినాను.

మరిది ఒక్క మాట అనలేదు. అది ఇంకా బాధ. ఇల్లిల్లూ తిరిగి పెట్టెలు వెనక్కు తెచ్చినాను. పిల్లలు ఏడ్చారు. చింతగింజల జిగురు గనుక పెట్టెలు గోరువెచ్చని నీటిలో నానినవి, కార్డులు ఊడినవి. కార్డుల మీద వరుస సంఖ్యలు ఉండబట్టి మళ్ళీ పేర్చగలిగాము. అయినా కోసినవి కోసినవే. సగానికి కొంచెము ఎక్కువ మాత్రమే పూర్తిగా దక్కినవి. బేరము పోయింది.

పిమ్మట మా ఆడబిడ్డ ఇంటిలో ఆ నమూనాతో నేసిన పాత చద్దరు ఒకటి దొరికింది. నమూనాలు గీసే ఒక పెద్దాయన భూతద్దము పెట్టి, పోగులు ఎంచి, గళ్ళ కాగితము మీద ఎక్కించడం మొదలుపెట్టారు. దక్కిన కార్డులు ఆయనకు దారి చూపినవి. ఏడాది పట్టింది. ఇప్పుడు ఆ నమూనా కంప్యూటరులో ఉన్నది. కన్ను చుట్టూ మా మామగారు వేయించిన సన్నని నీడ మాత్రము సరిగా రాలేదు. పాత చద్దరు ఆ చోటనే అరిగిపోయి ఉన్నది.

అందుచేత సోదరులకు, సోదరీమణులకు నా విన్నపము. షోలాపూరులో గాని, భివండిలో గాని, దొడ్డబళ్ళాపురములో గాని, కార్డులను కోయక ముందు, తూకానికి వేయక ముందు ఇవి చూడండి. అది ఏ నమూనాయో ఇంటి పెద్దలను అడగండి. దాని గీత కాగితము ఉన్నదా? దానితో నేసిన గుడ్డ ఒక ముక్కైనా ఉన్నదా? కార్డులను వరుసగా పరచి ఒక్కొక్కదానిని సంఖ్యతో సహా ఫోటో తీసినారా? ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేకపోతే ఆ కట్టను ముట్టవద్దు. పెట్టెకు పాత చెప్పుల అట్టడబ్బా అయినా చాలును. నమూనాకు బదులు లేదు.

అమ్మకము మాట

ఈ పెట్టెలు అమ్మితే లాభమా అని కొందరు సోదరీమణులు అడుగుతున్నారు. నా అనుభవము చెబుతాను. గదుల పెట్టె ఒకటి చేయడానికి, ఆరే సమయము గాక, రెండు మధ్యాహ్నాలు పూర్తిగా పడుతుంది. ఆ రెండు మధ్యాహ్నాలలో కండెలు చుడితే ఎంత వస్తుందో మొదట లెక్క వేసుకోండి. దానికి గుడ్డ, జిగురు ఖర్చు కలపండి. అంతకు తక్కువకు అడిగేవారికి ఇవ్వవద్దు. మిగులు సామగ్రి ఊరకనే వచ్చింది గనుక పెట్టె చౌకగా ఇవ్వవచ్చును అనేవారు మన చేతికి కూలి లేదనుకొనేవారు. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు. ముందు మన పిల్లల బొమ్మలకు చేయండి. ఆ పని చూచి అడిగేవారు వస్తే అప్పుడు ధర చెప్పండి.

పెట్టె మీద పేరు

చివరిగా ఒక చిన్న సంగతి. ప్రతి డబ్బా మీద తెల్ల గుడ్డ ముక్క మీద పేరు కుట్టి అంటిస్తాను. వంట సామాను, జంతువులు, పెండ్లివారు, గవ్వలు, గోళీలు. మొదట ఇది నా సౌకర్యానికే చేసినాను. మా మనుమరాలు మరాఠీ బడికి పోతుంది. ఇంటిలో తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆమె తండ్రికీ తడుముకొనడమే. బొమ్మలు తీసి ఆడుకొని మళ్ళీ సర్దేటప్పుడు ఏది ఎందులో పెట్టవలెనో తెలియక నన్ను అడిగేది. "పేరు చూచి పెట్టు" అనేదానిని. రోజుకు పదిసార్లు అడగడము విసుగై తానే అక్షరాల ఆకారము గుర్తుపట్టడం మొదలుపెట్టింది. మొదట "గ" పట్టుకొన్నది. గవ్వలకూ గోళీలకూ ముందుండే అక్షరమది. ఒకనాడు సంఘ కార్యాలయము గోడ మీది పలకను చూపి, "నానమ్మా, అక్కడ మన గవ్వల డబ్బాలోని వత్తు ఉన్నది" అన్నది. నేను చూచినాను. నిజమే, ఉన్నది.

ఈ సంవత్సరము కొత్త పెట్టె ఒకటి ఆమే చేసింది. మూత వంకరగా ఉన్నది, జిగురు బయటికి పొంగింది. మూత లోపలి వైపున నెమలికన్ను చద్దరు ముక్క ఒకటి అంటించి, దాని కింద "తాతయ్య వాళ్ళ నాన్న నమూనా" అని తెలుగులో వ్రాసింది. "న" ఒకచోట తిరగబడింది. నేను దిద్దలేదు.

మీరు కూడ పెట్టె చేసిన పిమ్మట మూత లోపల ఆ గుడ్డ ఎవరు నేసినది, ఏ ఊరిలో, ఏ సంవత్సరములో అని వ్రాసి ఉంచండి. బొమ్మ విరిగినా, పెట్టె చిరిగినా, చదివేవారు ఇంటిలో ఒకరు ఉంటే ఆ మాట నిలుస్తుంది.